మట్టల పడవకు తారు

మొదటిసారి చూసినప్పుడు, ఎవరో ఖర్జూరపు మట్టల్ని పొయ్యిలోకి కట్టగట్టి పెట్టుకున్నారనుకున్నాను. రెండు కొసలూ సన్నం, నడుమ కొంచెం బొజ్జ, ఆ బొజ్జనిండా కుక్కిన ఎండు మట్టమొదళ్ళు, ఇద్దరు ఇరుక్కుని కూర్చుంటే సరిపోయేంత పొడవు. దాని పక్కన ఒక ముసలి అరబ్బు కూర్చుని తాళ్ళు బిగిస్తున్నాడు. అది పడవట. పేరు షాషా అట. దాని మీద సముద్రంలోకి పోయి చేపలు పడతాడట. బొంబాయి ఓడల్లో తిరిగినప్పుడు నేర్చుకున్న హిందీలో ఇదంతా చెప్పాడు. నేను ఆయన ముఖం మీదే నవ్వాను.

నవ్వడానికి నాకు హక్కుందనుకున్నాను. మాది గోదావరి ఒడ్డు, వల పట్టే ఇల్లు. వెదురు పుట్టికి గోనెపట్టా కుట్టి, రెండు పూతలు తారు పూసి ఆరబెట్టి నీళ్ళలో వదిలితే చుక్క లోపలికి రాదు. ఈయన పడవలో మట్టకూ మట్టకూ మధ్య నా బొటనవేలు దూరింది.

డెబ్బైల చివరి సంగతి ఇది. దుబాయ్ అవతల ఫుజైరా పక్క కొండల్ని తొలిచి రోడ్డు వేస్తున్న కంపెనీలో నేను తారు గ్యాంగులో ఉండేవాణ్ణి. శుక్రవారం సెలవు. ఆ రోజు క్యాంపులో మగాళ్ళు బట్టలు ఉతుక్కుని, ఇంటి నుంచి వచ్చిన క్యాసెట్లు వింటూ ముక్కు చీదుకునేవాళ్ళు. ఆ ఏడుపు చూస్తే నాకు ఒళ్ళు మండేది. మెస్సులో పెట్టే చేప అంతకంటే దరిద్రం. ఐసులో ఎన్నాళ్ళు పడి ఉండేదో, నోట్లో తడిసిన దూదిలా ఉండేది. అందుకే ఒడ్డుకు పోయి నిలబడేవాణ్ణి.

ముసలాయన మధ్యాహ్నం నమాజు వేళకు తిరిగొచ్చేవాడు. మట్టల మీద నాలుగైదు హమూర్లు ఉండేవి. ఒంటినిండా మచ్చలు, పలక మీద గీసినట్టు పెద్ద నోరు. రాళ్ళ సందుల్లో కాపురం చేసే చేప అది. అదృష్టం, అనుకున్నాను. వరసగా నాలుగు శుక్రవారాలు అదే అదృష్టం చూశాక, నన్నూ తీసుకుపొమ్మని అడిగాను.

"ఆవో రఫీక్," అన్నాడు. రఫీక్ అంటే దోస్తు. "బట్టలు తడుస్తాయి. రోనా నహీ, ఏడవొద్దు."

ఎక్కీ ఎక్కగానే అడుగు నుంచి నీళ్ళు ఉబికాయి. నేను చంకలో పెట్టుకొచ్చిన పాలడబ్బాతో తోడి పోయడం మొదలుపెట్టాను. తోడుతూనే ఉన్నాను. నీళ్ళు అంతే ఉన్నాయి. ముసలాయన తెడ్లు ఆపాడు.

"ఎక్కడి నీళ్ళు ఎక్కడ పోస్తున్నావు? ఇధర్ భీ సముందర్, ఉధర్ భీ సముందర్. ఖలాస్ కర్."

డబ్బా ఒళ్ళో పెట్టుకుని, పిర్రలు నీళ్ళలో నానుతుంటే కూర్చున్నాను. పిల్లలు ఉచ్చపోసుకున్న పక్కలో కూర్చున్నట్టుంది. ఇంతకంటే పనికిమాలిన పడవ భూమ్మీద ఉండదనుకున్నాను.

చలికాలంలో అక్కడి రాళ్ళ మీద గోధుమరంగు నాచు నడుం ఎత్తున పెరుగుతుంది. కెరటానికి ఊగుతూ ఉంటుంది. మోటారు పడవలు ఆ పక్కకు రావు, నాచు పంకాకు చుట్టుకుంటుంది. షాషా మాత్రం జారుతూ పోతుంది. ముసలాయన నాచు అంచున లంగరుగా తాడు కట్టిన రాయి జారవిడిచి, గాలానికి చిన్న చేప గుచ్చి కిందికి వదిలేవాడు. కర్ర లేదు, ఉట్టి దారమే. గోదావరిలో మేము చేపను ఆడించి, అలసిపోనిచ్చి లాగుతాం. అట్లాగే చేశాను. మూడు హమూర్లు మూరెడు దారం దొరకగానే సందులో దూరి, చెంపలు ఉబ్బించుకుని కూర్చున్నాయి. మూడు గాలాలు తెగాయి.

"నీ దేశంలో చేపలు మంచివి," అన్నాడు ముసలాయన. "నువ్వు నేర్చుకునేదాకా ఆగుతాయి."

నాలుగోదాన్ని మూతి తగలగానే గుంజాను. అరచెయ్యి తెగింది. చేప వచ్చింది. ఆ రోజు నుంచి శుక్రవారాలు నావి.

వెళ్ళినప్పుడల్లా సందులు పూడ్చుకొమ్మని ముసలాయన్ని సతాయించేవాణ్ణి. మా ముదీర్, అంటే కంపెనీ మేనేజరు, ఇంగ్లీషువాడు. ఒక్కడే కూర్చునే ఎర్ర ఫైబర్ పడవ తెప్పించుకుని, టోపీ పెట్టుకుని, రెండు వైపులా ఆకున్న ఒకే తెడ్డుతో తిరిగేవాడు. వాడు ఒక్క చేప పట్టడం నేను చూడలేదు. అయినా, "చూడు, దాన్లో చుక్క నీరు లేదు," అనేవాణ్ణి.

"అది బోర్లా పడ్డాక చూడు," అనేవాడు ముసలాయన.

ఒకసారి మాత్రం ఎగతాళి చేయకుండా మాట్లాడాడు. ఈ షాషా ఆఖరిదట. కట్టడం తెలిసినవాళ్ళు పోయారు. తన వేళ్ళు ముడి వెయ్యడానికి వంగవు. కొడుకుకు మోటారు పడవ ఉంది, ఈ వయసులో సముద్రమెందుకు, ఇంట్లో కూర్చో అంటున్నాడు. "ఇది ఉన్నంతకాలం నేను కూర్చోను," అన్నాడు. నేను విన్నాను. నా బుర్రలో మెదిలింది ఒక్కటే: అంత విలువైనదాన్ని ఇంత అధ్వాన్నంగా ఉంచుకున్నాడేమిటి అని.

కొన్నాళ్ళకు ఆయన అల్ ఐన్‌లో ఉన్న కూతురింటికి పది రోజులకని బయలుదేరాడు. పడవను నాకు అప్పజెప్పాడు. "బోర్లా వేసి ఎండనివ్వు. ఇంకేం చెయ్యకు," అన్నాడు.

ఆయన అటు పోయాడో లేదో నేను తారు కాచాను. గ్యాంగులో డ్రమ్ముల అడుగున మిగిలింది గీకి తెచ్చాను. గోనెపీచు ప్రతి సందులో కుక్కి, లోపలా బయటా రెండు పూతలు వేశాను. నా గదిలో ఉండే మా జిల్లావాడు, సిరిసిల్ల సాలెతను, చూడ్డానికి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"అన్నా, గా ముసలాయినె పుయ్యమన్నడా?"

"ఆయినెకేం ఎర్క? నీళ్ళల్ల కూసోని నీళ్ళల్లనే లేస్తడు."

"మరి గిన్నేండ్లు మునుగకుంట యెట్లున్నడే?"

"నువ్వు మగ్గం కాడ కూసున్నోనివి, నీకు పడవలెందుకు రా?"

"నాకెందుకులే అన్నా. మంచిగ నల్లబర్రె లెక్క జేసినవ్. పాలిస్తదేమో పిండుకో."

వాణ్ణి తిట్టి పంపాను. వాడికున్న బుద్ధిలో పావు వంతు నాకుంటే ఈ రాతే ఉండేది కాదు.

ముసలాయన తిరిగొచ్చిన శుక్రవారం పొద్దున, పడవ చుట్టూ ఒకసారి తిరిగాడు. తారు మీద అరచెయ్యి ఆనించి, తీసి వాసన చూసుకున్నాడు. అరుస్తాడేమోననుకున్నాను. అరచెయ్యి ఇసుకలో రుద్దుకున్నాడు.

"ఎక్కి చూడు బాబా," అన్నాను. "చుక్క వస్తే నన్నడుగు."

తెడ్లు లోపల పెట్టి ఎక్కాడు. ఎందుకు ఎక్కాడో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఇంకోటి లేదు కాబట్టే అయ్యుంటుంది.

రాళ్ళ దాకా పొడిగానే పోయాం. నేను లుంగీ తడిమి చూపించాను, పొడి, పొడి, అని. నాచు అంచుకు చేరాక ఒక కెరటం పక్క నుంచి లోపలికి పడింది. ఆ నీళ్ళు ఉండిపోయాయి. పడవ అంచు జానెడు కిందికి దిగింది. రెండో కెరటానికి దారి సులువైంది. అప్పుడు తెలిసింది నా మట్టిబుర్రకు. ఆ సందులు నీళ్ళు రావడానికే కాదు, పోవడానికి కూడా. కడుపులో కుక్కిన ఎండు మట్టమొదళ్ళే దాన్ని తేలుస్తున్నాయి. సందులు పూడ్చి నేను దాన్ని తొట్టిని చేశాను, సముద్రం వచ్చి నింపింది.

పాలడబ్బా ఆ రోజు తేలేదు. అవసరముండదనుకున్నాను కదా.

మూడో కెరటానికి పడవ ఒరిగి బోర్లా పడింది. కాళ్ళకు నాచు చుట్టుకుంది. నదిలో పుట్టి పెరిగిన నేను ఆ ముసలాయన భుజం పట్టుకుని వేలాడాను. ఆయన ఒక చేత్తో పడవను, ఇంకో చేత్తో నన్నూ పట్టుకున్నాడు. అటుగా పోతున్న కొడుకు మోటారు పడవ మమ్మల్ని చూసి, నాచు బయట ఆగి తాడు విసిరింది. మమ్మల్ని లాగాక కొడుకు తండ్రితో రెండే మాటలన్నాడు.

"బాబా, ఖలాస్."

ముసలాయన తల వంచుకున్నాడు. నన్ను చూడలేదు.

తర్వాతి శుక్రవారాలు ఉలితో తారు గీకాను. తారు పీచులోకి ఇంకిపోయింది. తారుతో పాటు తాళ్ళు ఊడొచ్చాయి, లోపలి మొదళ్ళు ఆరక కుళ్ళి కంపు కొట్టాయి. ఆయన టీ తెచ్చి ఇచ్చి పక్కన కూర్చునేవాడు. ఒకరోజు అడిగాడు.

"మీ నదిలో కెరటాలుంటాయా?"

"లేవు బాబా."

"అచ్ఛా," అని నా గ్లాసులో ఇంకొంచెం టీ పోశాడు.

నన్ను చెంప మీద కొట్టి ఉంటే బాగుండేది. ఆ మంచితనాన్ని నేను చాలా ఏళ్ళు తిట్టుకున్నాను.

చివరికి దాన్ని విరిచి కుప్ప పోశారు. తారు పొగ చేపకు పడుతుందని పొయ్యిలోకి కూడా వాడుకోలేదు. కట్టెలనుకుని నవ్విన నేను ఆయనకు కట్టెలు కూడా మిగల్చలేదు.

ఈ సంగతి నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. దుబాయ్‌లో అరబ్బులకు పడవ కట్టడం నేర్పానని మాత్రం చెప్పుకున్నాను. యాభై దాటాక అక్షరాలు దిద్దుకున్నాను, ఇప్పుడు కూడదీసుకుని రాస్తున్నాను.

ఆ తర్వాత ముసలాయన ఒడ్డున బోర్లించిన చేపల పెట్టె మీద కూర్చుని, కొడుకు మోటారు చప్పుడు దూరమయ్యేదాకా చూస్తుండేవాడు. నేను క్యాంపు నుంచి బజారుకు పోవాల్సి వస్తే ఒడ్డు దారి మానేసి, చెత్తకుప్పల వెనక నుంచి చుట్టు తిరిగి పోయేవాణ్ణి. రోడ్డు పని అయ్యేదాకా అట్లాగే పోయాను.