పెద్దాయన తిరిగి చెప్పిన మాటలు

దెయ్యాలంటే నాకు ఏ రోజూ నమ్మకం లేదు. మాది గోదావరి లంక. రాత్రి శవం కొట్టుకొచ్చిన రేవులోనే పొద్దున్నే గిన్నెలు తోముకుంటూ పెరిగాను. ఖతర్ వచ్చాక ఫలానా గదిలో ఏదో తిరుగుతోందని తోటి పనివాళ్ళు చెబితే, ఇక్కడి మనుషుల కంటే అదే నయం అనేదాన్ని. అందుకే ఈ సంగతి బయటపెట్టడానికి ఇన్నాళ్ళు పట్టింది. అయినా నేను రాయడం నేర్చుకున్నదే ఈమధ్య, శుక్రవారాలు చర్చి ఆవరణలో.

మదీనత్ ఖలీఫా అనే పేటలో ఒక విదేశీ కుటుంబం విల్లాలో పని చేసేదాన్ని. మేడమ్ వాళ్ళ నాన్నను చూసుకోవడం నా డ్యూటీ. తొంభై దాటిన మనిషి. వాళ్ళ దేశం మొట్టమొదట మనుషుల్ని అంతరిక్షానికి పంపిన రోజుల్లో ఆయనా వ్యోమగామి. శిక్షణంతా పొందాడు కానీ ఒక్కసారీ పైకి వెళ్ళలేదు. ఆయన వంతు రాకముందే ఆ పంపడమే ఆపేశారు. ఆయనకు దక్కింది కింద కూర్చుని పైనున్నవాళ్ళతో మాట్లాడే పని.

మేడమ్ ఒకసారి వివరంగా చెప్పింది. పైకి వెళ్ళినవాళ్ళతో ఎవరు పడితే వాళ్ళు మాట్లాడకూడదట. ఎంత పెద్ద అధికారి అయినా తన మాట ఆ ఒక్క మనిషికి చెప్పాలి, ఆయనే పైకి పంపాలి. పైనుంచి వచ్చిన మాటను పొల్లు పోకుండా ఆయన మళ్ళీ పలకాలి. అలా పలికితేనే విన్నట్టు లెక్క.

పక్షవాతం వచ్చి ఆయనకు మాట పడిపోయింది. నీళ్ళు కావాలని కూడా అడగలేడు. ఆ పాత పిలుపులు మాత్రం పోలేదు. వంటగదికీ ఆయన గదికీ మధ్య ఇంటర్‌కామ్ పాడైతే, తీగ పీకేసి ఆ రిసీవర్ ఆయన చేతికిచ్చారు. భోజనం కాగానే దాన్ని చెవికి పెట్టుకుని పిలిచేవాడు, ఆగేవాడు, మళ్ళీ పిలిచేవాడు. ఏదో విన్నట్టు తల ఊపి, తన భాషలో తిరిగి చెప్పేవాడు. నేను పక్కన కూర్చుని బట్టలు మడతపెట్టుకునేదాన్ని.

నా చెల్లెలు మార్త దుఖాన్ రోడ్డులో, మనుషులకు దూరంగా ఉన్న ఒక తోట ఇంట్లో పనికి ఉండేది. ఆ ఇంటివాళ్ళు దాని ఫోను లాక్కున్నారు. కొన్ని వారాలుగా దాని మాట నా చెవిన పడలేదు. దాన్ని పనికి కుదిర్చిన ఏజెన్సీకి ఫోన్ చేస్తే బాగానే ఉంది అనేవాళ్ళు. దాన్ని అక్కడి నుంచి ఎలా బయటకు తీసుకురావాలా అన్నదే నాకు రోజంతా ఆలోచన.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం. మేడమ్ ఆఫీసులో ఉంది. పెద్దాయన పిలిచి, ఆగి, తల ఊపాడు. తర్వాత ఒక్కో ముక్కా నిదానంగా పలికాడు.

"పెద్దక్కా... బయట గెడేసేసారే... గొంతెండిపోతంది... ఓపాలి రాయే."

గొంతు ఆయనదే, ఆ ముక్కు యాసా ఆయనదే. మాటలు మాత్రం మా లంకవి. నన్ను పెద్దక్కా అని పిలిచేది మార్త ఒక్కతే. నేను రిసీవర్ లాక్కుని చెవికి పెట్టుకున్నాను. ఏ చప్పుడూ లేదు. మార్తా అని అరిచాను. ఆయన కోపంగా నా చెయ్యి తప్పించి, తన నోటిని చూపించాడు. నువ్వు చెప్పు, నేను పంపుతాను అన్నట్టు.

"ఒత్తన్నానే, తలుపు కాడే ఉండు," అన్నాను.

ఆయన ఆ మాటను వంకరటింకరగా రిసీవర్‌లో చెప్పాడు. చాలాసేపు విన్నాడు. మళ్ళీ పిలిచాడు. మళ్ళీ. చివరికి నా వంక చూసి తల అడ్డంగా ఊపాడు.

నేను గేటు దగ్గరికి పరుగెత్తాను. ఇంటి డ్రైవర్ బాషా కడప మనిషి. ఆ తోట ఇల్లు ఎక్కడుందో తెలిసింది అతనికే.

"యల్లా, పోదాం పా అంటానే పోయేదానికి ఇది మీ లంకలో పడవనుకుంటివా అక్కా? మేడమ్ చెప్పకుండా బండి తీస్తే రేపు నా ఉద్యోగం మాఫీ."

"మార్త సచ్చిపోద్దిరా బాషా."

"ఎవురు చెప్పినారు?"

"పెద్దాయన."

బాషా నవ్వాడు. నా ముఖం చూసి నవ్వు ఆపి, మేడమ్‌కు ఫోన్ కలిపి ఇచ్చాడు.

మేడమ్ ఓపిగ్గానే విన్నది. నాన్న నీ ఫోను మాటలు విని పట్టుకుని ఉంటాడు, ఎండ మండిపోతోంది, కాసేపు పడుకో, శుక్రవారం మనమే వెళ్ళి చూద్దాం అన్నది. ఏజెన్సీవాళ్ళు గోల చెయ్యొద్దన్నారు. పోలీసులకు ఏమని చెప్పను? ఎన్నడూ పైకి వెళ్ళని వ్యోమగామి చెప్పాడనా?

మర్నాడు ఏజెన్సీ నుంచే ఫోన్ వచ్చింది. మార్త నిద్రలో గుండె ఆగి పోయిందట. పెట్టె మూసేముందు ఆసుపత్రిలో నాకు చూపించారు. రెండు చేతుల గోళ్ళూ విరిగి ఉన్నాయి. నిద్రలో పోయిన మనిషికి గోళ్ళెందుకు విరుగుతాయని అడిగాను. కాగితాలన్నీ అయిపోయాయమ్మా అన్నారు.

మేడమ్ చెప్పిందే నిజమనుకోవాలని చాలా ప్రయత్నించాను. కానీ మార్తకు ఫోన్ ఉన్నన్నాళ్ళూ నేను దానితో మాట్లాడింది పెరటి వైపున్న నా గదిలో, పనంతా అయ్యాక. దాని గొంతు ఆయన ఏనాడూ వినలేదు. తర్వాత కూడా, కన్ను మూసేదాకా, ఆయన రోజూ పిలుస్తూనే ఉన్నాడు. తెలుగు మళ్ళీ రాలేదు.

ఈ సంగతి చర్చిలో చెప్పాను, లేబర్ క్యాంపుల్లో ఉండే మావాళ్ళకు చెప్పాను, ఊళ్ళో బంధువులకూ చెప్పాను. తెలుగు రాని మనిషి నోట ఆ మాటలు ఎలా వచ్చాయని అందరూ అడుగుతారు. నాకు తెలియదు. ఎంత ఆలోచించినా ఇప్పటికీ అంతుపట్టదు. ఆ తలుపు గెడ ఎవరు వేశారని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.