రాక్షసబల్లులకు గ్రేడు చీటీ

పలాసలో జీడిపప్పు గ్రేడింగు బల్ల దగ్గర పాతికేళ్లు కూర్చున్న మనిషికి లోకమంతా నాలుగు రకాలుగానే కనబడుతుంది. చెక్కు చెదరనిది గుండు, రెండుగా విడిపోయింది బద్ద, విరిగింది ముక్క, మిగిలిందంతా నూక. ఆ మనిషి దోర్కాస్. గుడిలో విన్న పాస్టరు ప్రసంగాలకూ, పెళ్లిళ్లలో తిన్న భోజనాలకూ ఇదే కొలత. పెళ్లయిన ఏడాదికే మొగుడు జేమ్స్‌కు బద్ద ఇచ్చేసింది. ఆయన వ్యాను తోలుకుంటూ ఇప్పటికీ పై గ్రేడుకు ప్రయత్నిస్తూనే ఉన్నాడు.

అలాంటి మనిషి తొంభై ఎనిమిదిలో, తెలుగు మాటలు పెట్టిన రాక్షసబల్లుల సినిమా రెండో భాగం చూసింది. హాలు బయట అప్పలసూరి గోనెపట్టా పరిచి బొమ్మలు అమ్ముతుంటే ఒక రబ్బరు బల్లిని కొని ఇంటికి తెచ్చింది. లైటు కింద తిప్పి తిప్పి చూసి పెదవి విరిచింది. సినిమాలో దానికి చేతివేళ్లు రెండే, దీనికి అయిదు. తన కళ్ల మీద తనకే నమ్మకం కుదరక మర్నాడు మళ్లీ సినిమాకు వెళ్లి వేళ్లు చూసుకుని వచ్చింది. పప్పు డబ్బాల్లో పెట్టే గ్రేడు చీటీ ఒకటి తీసి, వెనకవైపు రాసి, బొమ్మ మెడకు దారంతో కట్టింది. “తల బాగుంది. వేళ్లు ఎక్కువ. చేసినవాడు సినిమా చూడలేదు, తన చెయ్యి చూసుకున్నాడు. ముక్క.”

అంతే, పిచ్చి పట్టుకుంది. జేమ్స్ లోడు మీద టెక్కలి వెళ్లినా బరంపురం వెళ్లినా ఒక బల్లి లేకుండా గుమ్మం తొక్కడానికి వీల్లేదు. మూడో భాగం వచ్చేనాటికి అరుగు గది గూళ్లు నిండిపోయాయి. మెడ పొడుగుదాని చీటీ మీద “నిలబెడితే టెక్కలి బస్సులో నిద్రపోయేవాడిలా ముందుకు వాలుతోంది, బద్ద” అని ఉండేది. బ్యాటరీదాని మీద “గర్జిస్తుందన్నారు. మేకలా అరిచింది. నూక” అని ఉండేది. పక్కనే ఉన్న కాశీబుగ్గ జనం కూడా పిల్లలకు బొమ్మ కొనే ముందు వచ్చి ఆ చీటీలు చదివి వెళ్లేవారు. ఇన్నేళ్లలో ఒక్కదానికీ గుండు రాలేదు.

దాంతో అప్పలసూరికి కడుపు రగిలిపోయేది. “ఏటప్పా, దేవుడు సేసినదానికైనా గుండు ఇత్తావా?” అన్నాడొకసారి, అక్క వరస కలుపుతూ.

“దేవుడు సేసినియ్యి నీ గోనె మీదకి రావు గదా, సూరీ.”

రెండువేల రెండు డిసెంబరులో అతను విశాఖపట్నం వెళ్లి అసలైన సరుకు తెచ్చాడు. మూడో భాగంలో వచ్చిన పెద్దది, వీపు మీద పడవ తెరచాపలాంటి రెక్క ఉన్నది. ఒకటి దోర్కాస్ చేతిలో పెట్టాడు. “ఉన్నదంతా దీన్లోనే పెట్టానప్పా. నీ సీటీ మీదే ఉంది నా బతుకు.”

దోర్కాస్ మూడు సాయంత్రాలు వెతికింది. అతుకు కనబడలేదు, పళ్లు వంకర లేవు, వేళ్లు సరిపోయాయి. గుండు అని రాయబోయిన చెయ్యి అలవాటు కొద్దీ ఆగింది. రంగు! సినిమాలో వానలో తడిసి నల్లగా మెరిసింది, ఇదేమో వెలిసినట్టుంది. భావనపాడు పడవలు గుర్తొచ్చాయి. జీడిపిక్కల తొక్క నుంచి తీసిన నూనెను జేమ్స్ డ్రమ్ములతో అక్కడికి తోలుతాడు. అది పూస్తే పడవ నల్లగా నిగనిగలాడుతుంది, ఎక్కి కూర్చున్నవాడికి ఏమీ కాదు. ఇంకేం, కోడి ఈకతో బొమ్మకు నిండా పూసి ఆరబెట్టింది. నిజంగానే వానలోంచి నడిచి వచ్చినట్టు కనబడింది. మురిసిపోయి ఆదివారం గుడ్డలో చుట్టుకుని గుడికి పట్టుకెళ్లింది.

పడవ చెక్క నూనె తాగుతుంది. ప్లాస్టిక్కు ఏమీ తాగదు, ఆ నూనె పైనే ఉండి తాకిన చర్మాన్ని కాలుస్తుంది. ఆ సంగతి ఆమెకు తట్టలేదు. పాస్టరమ్మ గ్లోరీ బొమ్మను ముద్దుగా నిమిరి, అదే చేత్తో ముక్కు తుడుచుకుంది. సోమవారానికి ఆ ముక్కు ఉడికిన టమాటాలా తయారైంది. ముట్టుకున్న ఇంకో నలుగురికి వేళ్ల నిండా పొక్కులు. అప్పలసూరి బొమ్మలకు విషపు రంగు వేశారని ఊరంతా పాకింది. అమ్మిన బొమ్మలు ఒక్కొక్కటే గోనెపట్టా మీదకు తిరిగొచ్చాయి.

“నానేటి సేసానప్పా? మూడు దినాలు సూసావు గదా. విషం లేదని నువ్వైనా సెప్పు,” అని అతను ఇంటికొచ్చి మొత్తుకుంటే దోర్కాస్‌కు తను పూసిన నూనె గుర్తొచ్చింది. జీడి కాలుస్తుందని పలాసలో పాలు తాగే పిల్లకైనా తెలుసు. గ్రేడరమ్మకే తెలియలేదంటే ఇక ఆమె చీటీని ఎవడు నమ్ముతాడు? నోరు మూసుకుంటే ఇతను మునిగిపోతాడు.

జేమ్స్ అంతా చూస్తూనే ఉన్నాడు. “నూనె నా డ్రమ్ములోదే గదే. నాను పూసానని సెప్పీ. నాకెలాగూ బద్దే గదా.”

ఆమె తల అడ్డంగా ఊపింది. తర్వాత రెండు చీటీలు తీసింది.

మర్నాడు పొద్దున్నే వెళ్లి అప్పలసూరి గోనెపట్టా పక్కన కూర్చుంది. నూనె తగలని బొమ్మ మెడలో ఒక చీటీ కట్టింది. “వెతికినా తప్పు దొరకలేదు. గుండు.” రెండోది తన మెడలో వేసుకుంది. “రంగు చాలదని జీడి నూనె పూసింది ఈమే. పొక్కులు ఈమె పుణ్యమే. దోర్కాస్. నూక.”

జనం గుమిగూడి చదివారు, పగలబడి నవ్వారు. పాస్టరమ్మ కూడా ముక్కు పట్టుకుని నవ్వి, వాళ్ల అమ్మాయికి ఒక బొమ్మ కొంది. దోర్కాస్ నోట గుండు అన్న మాట రావడమే వింత గనక, చూసినవాళ్లంతా కొన్నారు. గోనెపట్టా ఖాళీ అయ్యాక అప్పలసూరి ఆమె మెడలోని చీటీ పట్టుకుని నూక కొట్టేసి, బద్ద అని రాశాడు.

సాయంత్రం జేమ్స్ దాన్ని చదివాడు. “అయితే మనిద్దరిదీ ఒకే డబ్బా అన్నమాట.”

దోర్కాస్ చీటీ తీయకుండానే వెళ్లి పొయ్యి వెలిగించింది.