నూనె అన్నందుకు

శాంతిపురం దగ్గరి గ్రానైట్ క్వారీలో మేస్త్రీ కొట్టిన దెబ్బకు నా ఎడమ చెవి ఇప్పటికీ గుయ్యిమంటూనే ఉంది. అయినా నన్ను ఎక్కువ మండించేది ఆ దెబ్బ కాదు, మొదటిరోజు నా డబ్బా చూసి అతను అన్న మాట.

"ఏందప్పా, దీపాలకు నూనె తెస్తివా?"

కూలీలంతా నవ్వారు. మా వైపు పొయ్యికీ దీపానికీ వాడేది నూనె, మిషన్లో పోసేది ఆయిల్. నేను మదనపల్లె కాలేజీ ల్యాబులో రెండేళ్లు కష్టపడి, కానుగ నూనెలోంచి గ్లిజరిన్ తీసేసి, దాని చోట వేరే ఆల్కహాల్‌ను కట్టి, మిషన్లో పోయడానికి ఎస్టర్ అనే ఆయిల్ చేశాను. పచ్చి నూనెలా అది తొందరగా జిగురు కట్టదు. నేలమీద కారితే మట్టిలోని సూక్ష్మజీవులే తినేస్తాయి. గొర్రెలు తాగే క్వారీ గుంటలో నల్లటి తెట్టె తేలకూడదని నా పట్టు. గాలి ఒత్తిడితో బండకు బెజ్జాలు కొట్టే మిషన్లో నెల రోజులు అది నిలిస్తేనే ల్యాబు ఉంటుందని, లేకుంటే మూసేస్తామని కాలేజీవాళ్లు ముందే చెప్పారు.

పది రోజులు బాగానే నడిచింది. డబ్బా అయిపోయిందని మేస్త్రీ నాకు కబురు చేయలేదు. పుంగనూరు నుంచి పచ్చి కానుగ నూనె తెప్పించి పోయించాడు. తర్వాత నాలుగు రోజులు క్వారీ మూసి ఉంది. తెరిచిన రోజు నేను కొత్త డబ్బాతో వెళ్లేసరికి మిషన్ లోపల జిగురు కట్టి బిగుసుకుపోయి ఉంది. దానికి గాలి గొట్టం పూర్తిగా తెరిచి, మిషన్ నడిపే డ్రిల్లర్ దాన్ని సుత్తితో బాదుతున్నాడు. అది ఒక్కసారిగా విడిపోయి ఎగిరింది. ఇనుప పిడి అతని మూతి పగలగొట్టింది. రెండు పళ్లు రక్తంతోపాటు బండమీద పడ్డాయి.

మేస్త్రీ నా కాలరు పట్టుకుని చెవిమీద కొట్టాడు. పడిపోతే డొక్కలో తన్నాడు.

"మనిషిని సంపేస్తివి గదరా నీ నూనెతో."

నా చేతికి రాయి దొరికింది. అతని తలకే గురిపెట్టాను. డ్రిల్లర్ నా మణికట్టు పట్టుకున్నాడు. అతనిది బైరెడ్డిపల్లెలో పశువులు మేపే ఇల్లు. మిషన్‌కు తగిలించిన ఆయిల్ బుడ్డిలో వేలు ముంచి వాసన చూశాడు.

"ఇది ఈయప్పది కాదు. ఎద్దుల పుండ్లకు మేం పూసేది ఇదే. యాల పోస్తివి?" అని మేస్త్రీని నిలదీశాడు.

"రెండూ కానుగే గదా. నూనెలో ఏం తేడా ఉండాది?" అన్నాడు మేస్త్రీ.

డ్రిల్లర్‌ను కుప్పం ఆసుపత్రికి తీసుకెళ్లాం. దారంతా అతని నెత్తురు నా చొక్కాకు అంటింది. ఆ చొక్కా నేను ఉతకలేదు.

యజమానితో పోట్లాడి, మిషన్ విప్పి కడిగించి, నెల లెక్క మొదటినుంచి పెట్టించాను. రోజూ నేనే వెళ్లి పోశాను. ముప్పైయవ రోజు కూడా మిషన్ ఆగలేదు. ల్యాబు నిలిచింది. ఆరోజు మేస్త్రీ నా ముఖం చూడకుండా చెయ్యి చాపాడు.

"ఆ ఆయిల్ ఇట్లియ్యప్పా, నేను పోస్తా."

ఆయిల్ అన్నాడు. తప్పయిందని మాత్రం అనలేదు. డబ్బా అతనికివ్వకుండా నా చేత్తోనే పోశాను.