అనూష్ జాడీ, నా పులిహోర డబ్బా

మస్కట్ దగ్గర రుసైల్‌లో ఒక టైల్స్ కంపెనీ స్టోర్‌లో ఏళ్ల తరబడి డ్యూటీ చేస్తున్నాను గానీ, ఒమాన్‌లో నేను చూసిందేమిటయ్యా అంటే కంపెనీ, రూమ్, ఎయిర్‌పోర్టు. సూర్‌లో ఇప్పటికీ చెక్కతో ఓడలు కడతారని, అది చూడకుండా ఇంటికి పోతే ఒమాన్ చూసినట్టే కాదని బావమరిది గంగాధర్ ఫోన్ చేసినప్పుడల్లా ఊరించేవాడు. అతను అక్కడే చేపల కంపెనీలో పని చేస్తాడు. మే నెలాఖర్లో శుక్ర, శనివారాలు రెండూ సెలవు దొరికాయి. పొద్దున్నే పులిహోర కలిపి స్టీలు డబ్బాకెత్తుకుని, ఐసు కట్టిన నీళ్ల సీసా ఒకటి సంచిలో పడేసుకుని బయల్దేరాను. దారిలో తిండి కొనుక్కునే అలవాటు నాకు లేదు. పిసినారి అన్నా సరే.

ఇబ్రా మీదుగా సూర్ వెళ్లే బస్సు మస్కట్‌లో తొమ్మిదింటికి. అరగంట ముందే వెళ్లి లైన్లో నిలబడ్డాను. మీరెవరైనా వెళ్తే కుడివైపు కిటికీ పట్టండి, పొద్దుటిపూట ఎడమవైపు ఎండ వాయించేస్తుంది.

నా వెనక ఒక తెల్లావిడ వచ్చి నిలబడింది. అరవై దాటి ఉంటాయి. ఉన్ని శాలువలో ఏదో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు గుండెలకు హత్తుకుంది. ఆ ఎండలో ఉన్నిని చూడగానే నాకే చెమట పట్టింది. కాసేపటికి నా భుజం తట్టి ఇంగ్లీషులో అడిగింది.

“బిడ్డా, ఈ లైను దేనికి?”

“సూర్ బస్సుకి. తెలియకుండానే నిలబడ్డారా మేడమ్?”

“మా దేశంలో ముందు నిలబడాలి, తర్వాత అడగాలి. అడిగి నిలబడితే అప్పటికే సబ్బులు అయిపోయేవి.” అని పకపకా నవ్వింది.

ఆవిడ పేరు అనూష్. ఆర్మేనియా నుంచి కూతురి వెంట ఒమాన్ వచ్చి, మస్కట్‌లో ఒక కుట్టు షాపులో పని చేస్తోంది. కూతురు సూర్‌లో నర్సు. ఆ కూతురికి ఇన్నాళ్లకు ఆడపిల్ల పుట్టింది. ఆవిడ ముందు సీట్లో కూర్చుంది, నేను సరిగ్గా వెనక. నా పక్కన యూసుఫ్ భాయ్ అని కడపాయన, ఇబ్రాలో ఏసీ మెకానిక్కు. నా ఇంగ్లీషూ అనూష్ ఇంగ్లీషూ సమానంగా కుంటివే కాబట్టి మాట్లాడుకోవడానికి ఇబ్బంది పడలేదు.

ఊరు దాటి ఎర్రటి కొండల మధ్యకు వచ్చాక శాలువ కదిలింది. లోపల చిన్న మట్టి జాడీ. పైన కట్టిన గుడ్డను పొంగిన పిండి పైకి తోస్తోంది.

“ఏందబ్బా ఇది, ఈయమ్మ దోసెల పిండి పట్టుకొని పోతాండాదే!” అన్నాడు యూసుఫ్ భాయ్.

దోసెలు కాదు, రొట్టె. వాళ్లింట్లో రొట్టె కాల్చినప్పుడల్లా ఒక పిండి ముద్ద తీసి పెట్టి, తర్వాతి పిండిని దాంతో పులియబెడతారట. మనం పాలు తోడుపెట్టడానికి పెరుగు చుక్క ఉంచుకున్నట్టే. ఇది అనూష్ వాళ్లమ్మది, అంతకుముందు ఆమె అమ్మది. పుట్టిన బిడ్డ పాదాలకు ఆ పిండితో కాల్చిన మొదటి రొట్టె వెచ్చగా తాకించడం వాళ్లింటి ఆనవాయితీ. అందుకే ఈ ప్రయాణం.

“మీ కాలంలో కమ్యూనిస్టుల రాజ్యం బాగుండేదా, తర్వాత బాగుండేదా?” అని అడిగాను.

“అప్పుడు ఇల్లు వెచ్చగా ఉండేది, నోరు మూసుకుని బతికాం. తర్వాత నోరు తెరిచాం, చలికి పళ్లు కొట్టుకున్నాయి.”

అనూష్ బూట్ల ఫ్యాక్టరీలో పని చేసేది. వీధి చివర సర్కారు రొట్టెల షాపు ఉండగా ఇంట్లో పిండి పిసుకుతుందని వాళ్లమ్మను చూసి అపార్టుమెంటు మెట్ల మీద అందరూ నవ్వేవారు. తర్వాత సోవియట్ దేశం విడిపోయింది. ఫ్యాక్టరీ మూతపడింది. గ్యాస్ ఆగింది. కరెంటు ఎప్పుడో కాసేపు వచ్చిపోయేది. పార్కుల్లో చెట్లు నరికి కాల్చుకున్నారు. ఫ్యాక్టరీలో బూట్లు కుట్టే చెక్క అచ్చులు, అచ్చం పాదాల్లాంటివి, పనివాళ్లు తలా కొన్ని ఇంటికి తెచ్చుకున్నారు.

“అమ్మ ముందు ఎడమ పాదాలే పొయ్యిలో పెట్టింది,” అంది అనూష్. “ఫ్యాక్టరీ మళ్లీ తెరిస్తే కుడివైనా ఉంటాయని.”

“ఉత్త కుడివాటితో ఏం జేస్తారు మేడమ్?” యూసుఫ్ భాయ్ నమ్మలేనట్టు చూశాడు.

“నేనూ అడిగాను. కుడిదాన్ని చూసి ఎడమది చెక్కుకోవచ్చులే అంది.”

అంత చలిలో, అంత ఆకలిలో మళ్లీ తెరుస్తారన్న లెక్క! మెట్ల మీద నవ్విన వాళ్లంతా పిండి ముద్ద కోసం వాళ్ల తలుపు తట్టారట. జాడీ గడ్డకట్టకుండా అనూష్, ఆరేళ్ల కూతురు మధ్యలో పెట్టుకుని పడుకునేవారు. “అమ్మ ఆ చలికాలం దాటలేదు,” అని ఆవిడ జాడీ మీద చెయ్యి వేసింది. “ఇది దాటింది.”

ఈలోగా పిండి అంచు దాటి కారింది. పారేయడానికి ఆవిడకు చేతులు రాలేదు. గిన్నె ఉందా అని అడిగింది. నేను గబగబా పులిహోర లాగించేసి, డబ్బా తుడిచి చాపితే, పొర్లిన పిండి అందులో వేసి నన్నే ఉంచుకోమంది. యూసుఫ్ భాయ్‌కీ కాస్త ఇవ్వబోతే, “నాకెందుకబ్బా, నేను మెస్సులో తినేటోణ్ని,” అని తప్పించుకున్నాడు. డబ్బాను నా ఐసు సీసా పక్కన దోపుకున్నాను.

పదకొండున్నరకు ఇబ్రా. శుక్రవారం నమాజు కోసం బస్సు ఆపి తాళం వేశారు. యూసుఫ్ భాయ్ నా నంబరు తీసుకుని, తనది ఇచ్చి వెళ్లిపోయాడు. మేం ఒక షాపు నీడన కూర్చున్నాం, నా సంచి నా ఒళ్లోనే ఉంది. తిరిగొచ్చి చూస్తే అనూష్ జాడీ డ్రైవరు ముందు అద్దం దగ్గర, నిట్టనిలువు ఎండలో, శాలువ చుట్టి ఉంది. ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది.

“నేనే పెట్టాను,” అంది ఆవిడ, మొహం పాలిపోయి. “ఆ చలికాలంలో మా కిటికీలో ఎండ పడే చోటు ఒక్కటే ఉండేది. అక్కడే పెట్టేవాళ్లం. చెయ్యి దానంతట అదే పెట్టేసింది.” సూర్ వరకు శాలువ విప్పి జాడీకి విసురుతూనే ఉంది.

మూడున్నరకు దిగాం. అనూష్ కూడా నా నంబరు రాసుకుని అల్లుడి కారెక్కింది. గంగాధర్ రూమ్‌కి పోగానే నా డబ్బా తెరిచాడు.

“గిదేంది బావా? పిండి ముద్ద వట్టుకొని గింత దూరం అచ్చినవా? పారేత్త, చేపల కూర వెడుత.”

“ముట్టుకున్నవంటే చూడు!” అని లాక్కుని ఫ్రిజ్‌లో పెట్టాను. ఎందుకంత కోపం వచ్చిందో అప్పుడు నాకూ తెలియదు.

మర్నాడు పొద్దున ఓడలు కట్టే చోటు చూశాం. మూడంతస్తుల ఎత్తు చెక్క ఓడ, పక్కటెముకలు బయటపడి ఇసుకలో నిలబడి ఉంది. దాన్ని మనుషులు చేత్తో చెక్కారంటే చుట్టూ రెండుసార్లు తిరిగి చూశాను. అక్కడుండగానే ఫోన్ మోగింది.

“బిడ్డా, జాడీలో ప్రాణం లేదు. రాత్రి పిండి కలిపి పెట్టాను, కదల్లేదు. నీ ముద్ద ఉందా? పారేశావా?”

“ఉందమ్మా,” అన్నాను. మేడమ్ అనడం ఎప్పుడు మానేశానో గమనించుకోలేదు.

గంగాధర్ బండి మీద డబ్బా ఒళ్లో పెట్టుకుని అనూష్ కూతురింటికి వెళ్లాను. కూతురు ఒళ్లో పాప నిద్రపోతోంది. అనూష్ నా ముద్దలో గోరువెచ్చని నీళ్లు, పిండి కలిపింది. ఇక కాచుకుని కూర్చున్నాం. పదకొండు దాటాక ఒక బుడగ లేచింది. ఆ పక్కనే ఇంకొకటి. తల్లీ కూతుళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చేశారు. నేను కిటికీలోంచి సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాను, నా కళ్లు కూడా ఊరుకోలేదు.

బోర్లించిన మూకుడు మీద, గ్యాస్ మంట పెద్దది చేసి కాల్చింది. పల్చటి రొట్టె, మధ్యలో పసుపు మరక. నా పులిహోర డబ్బా పుణ్యం. అనూష్ ఆ మరక ఉన్న చోటే పాప పాదాలకు తాకించింది. పాప కాలు విదిలించింది.

సాయంత్రం బస్సు ఎక్కేముందు ఆవిడ నా డబ్బాలో మళ్లీ ముద్ద పెట్టి, తడిగుడ్డ చుట్టి ఇచ్చింది. “ఒక్కడివే దాచుకోకు,” అంది.

కూర్చోగానే యూసుఫ్ భాయ్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. “బస్సు ఇబ్రాకి ఎన్నింటికొస్తాది?” అని మాత్రం అడిగాడు. చీకటి పడుతుండగా బస్సు ఇబ్రాలో ఆగింది. ఒమాన్‌లో ఏం చూశావంటే ఇకమీద ఓడ గురించి చెబుతాను, ఆ జాడీ గురించి చెబుతాను, దాంతోపాటు అప్పుడు కిటికీలోంచి చూసింది కూడా చెబుతాను. మెస్సులో తినే ఆ మనిషి చేతిలో మూతతో సహా కొత్త గిన్నె పట్టుకుని, దిగేవాళ్లను తోసుకుంటూ నా కోసం వెతుక్కుంటున్నాడు.