పిన్ని చెప్పిన చాడీలు

పిన్నికి ఎవరి మీదైనా చాడీ చెబితే తప్ప అన్నం అరగదు. ఇది నింద కాదు, ఆరోగ్య సమాచారం. పరాయి దేశంలో ఆవిడది బట్టలు సరిచేసే చిన్న దుకాణం. ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వచ్చినవాడు పక్కింటాయన నడుము ఎంత పెరిగిందో కూడా తెలుసుకుని వెళ్ళేవాడు. ఈవిడ మాట ఆవిడకీ, ఆవిడ మాట ఈవిడకీ చేరవేసి, ఇద్దరూ జుట్లు పట్టుకునే వేళకి తాను సూదిలో దారం ఎక్కించుకుంటూ, "నాకెందుకమ్మా ఒకళ్ళ సంగతులు" అనేది.

బాబాయికి వినికిడి యంత్రం ఉంది. భోజనానికి కూర్చునే ముందు దాన్ని తీసి చొక్కా జేబులో వేసుకునేవాడు. వాళ్ళ కాపురం ఇన్నేళ్ళు నిలబడింది ఆ జేబు వల్లేనని అబ్బాయి నమ్మకం.

అబ్బాయంటే పిన్ని అక్క కొడుకు, లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. అక్కడే వాళ్ళింటి వెనక గదిలో ఉండేవాడు. సెలవు పెట్టి మన దేశం వెళ్ళి పెళ్ళి చేసుకుని, పెళ్ళాన్ని పుట్టింట్లో దింపి ఒంటరిగా తిరిగొచ్చాడు. ఆమె వీసా నేడో రేపో అన్నారు. ఆ నేడూ రాలేదు, ఆ రేపూ రాలేదు, ఏడాది తిరిగిపోయింది. ఎప్పుడు ఫోన్ చేసినా "పరిశీలనలో ఉంది" అనేవారు. పెళ్ళిచూపుల్లో కూడా అతణ్ణి అంతసేపు ఎవరూ పరిశీలించలేదు.

మొగుడూ పెళ్ళాల ఫోను మాటలు మాత్రం రోజూ క్రమం తప్పేవి కావు.

"తిన్నారా?"

"తిన్నాను. నువ్వు తిన్నావా?"

"తిన్నానండీ."

"అక్కడ వర్షమా?"

"లేదండీ."

"సరే. ఆరోగ్యం జాగ్రత్త."

బ్యాంకు మేనేజరుతోనైనా మనిషి ఇంతకన్నా చనువుగా మాట్లాడతాడు. ఒక సాయంత్రం పిన్ని కాజాలు కుడుతూ ఇదంతా చెవినేసుకుంది. మర్నాడే కోడలికి ఫోన్ చేసింది.

"ఏమ్మా కోడలా, నాకెందుకులే గానీ, మీ ఆయన పాల మీద మీగడ దొంగతనంగా తినేస్తున్నాడు. గరిటె కూడా వాడడు. వేలు!"

సాయంత్రం అబ్బాయి ఫోన్ చేయగానే అవతల "తిన్నారా?" బదులు "వేలితోనా?" అని వినిపించింది.

అక్కణ్ణించి రోజుకొకటి. "తడి తువ్వాలు మంచం మీదే పడేస్తాడమ్మా. రేపు నువ్వొచ్చాక ఆ తడి వైపు ఎవరు పడుకోవాలో ఇప్పుడే తేల్చుకో." చాడీల్లో పిన్నికి పక్షపాతం లేదు. అబ్బాయి దగ్గరికొచ్చి, "నాకెందుకులే గానీ, పెళ్ళి ఫొటోలో నీ మొహం ఫ్యూజు పోయిన బల్బులా ఉందని మీ ఆవిడ చెల్లెలితో అందట" అని చెప్పింది. అతను మండిపడుతూ ఫోన్ చేశాడు.

"అన్నాను. అయితే?" అంది ఆ అమ్మాయి. "అండీ" ఎటో ఎగిరిపోయింది.

చివరికి పిన్ని అసలైన బాంబు వేసింది. "నిద్దట్లో కలవరిస్తాడమ్మా. 'జాగ్రత్తమ్మా, తలుపు పడుతుంది' అంటాడు. ఆ అమ్మ ఎవరో నేనడగలేదు. నాకెందుకు?"

"ఎవరా అమ్మ?" అని ఫోన్లో నిలదీసింది పెళ్ళాం.

"లిఫ్టు ఎక్కే ముసలావిడే! కర్ర పట్టుకుని వస్తుంది!"

"ఉండు, ఆ కర్ర నేను పట్టుకుని వస్తాను!"

ఫోన్ పెట్టేసింది. మళ్ళీ ఎత్తలేదు. సరిగ్గా ఆ వారమే వీసా ఆఫీసు నుంచి కబురొచ్చింది. మీది నిజం పెళ్ళేనా అని మాకు అనుమానం, ఇద్దరినీ విడివిడిగా ప్రశ్నిస్తాం, జవాబులు కలవకపోతే దరఖాస్తు కొట్టేస్తాం అని.

అబ్బాయి తల పట్టుకున్నాడు. "పిన్నీ, నీకు దణ్ణం పెడతాను. నా కాపురం ఇంకా మొదలే కాలేదు, అప్పుడే కూల్చేశావు!"

"నేనేమైనా అబద్ధం చెప్పానట్రా? మీగడ తిన్లేదూ?"

"తిన్నాను."

"వేలితో?"

"... వేలితోనే."

"మరి!"

అనుకున్న రోజు రానే వచ్చింది. అక్కడ ఆ అమ్మాయిని ఆఫీసరు, "మీ ఆయన ఎలాంటివారు?" అని అడిగాడు. పొయ్యి మీద పాలలా ఉంది ఆ పిల్ల. "ఎలాంటివాడా? కూర్చోండి, చెబుతాను" అంది. ఆఫీసరు అప్పటికే కూర్చుని ఉన్నాడు. మీగడ, వేలు, తువ్వాలు, తలుపు, కర్ర అన్నీ వరస తప్పకుండా విన్నాడు. చాలమ్మా అన్నా ఆమె ఆపలేదు.

తర్వాత ఇక్కడ లిఫ్టు యంత్రం గదిలో అబ్బాయి ఫోన్ మోగింది.

"మీ మీద మీ భార్యకు ఫిర్యాదులేమైనా ఉన్నాయా?"

"ఎక్కణ్ణించి మొదలుపెట్టమంటారు?" అన్నాడు అబ్బాయి నీరసంగా. మీగడ దగ్గర మొదలుపెట్టాడు. తలుపు దాకా వచ్చేసరికి అవతల దగ్గు వినిపించింది. దగ్గు కాదు, నవ్వు ఆపుకుంటున్నారు.

ఏడాది కదలని వీసా ఆ వారంలోనే కదిలింది. ఆ సంగతి చెప్పడానికి పెళ్ళామే ఫోన్ చేసి, "ఏమండీ" అంది. ఆ "అండీ"లో మర్యాద మాత్రం మునుపటంత లేదు.

ఆ పూట అబ్బాయి అన్నం దగ్గర పిన్నిని ఎగాదిగా చూశాడు. "పిన్నీ, నిజం చెప్పు. ఇదంతా తెలిసే చేశావా?"

పిన్ని కూర వడ్డిస్తూ మూతి తిప్పింది. "నా పెళ్ళయిన కొత్తలో వీసా ఆఫీసులో నన్నూ అడిగార్రా, మీ ఆయన ఎలాంటివాడని. దేవుడులాంటివారండీ, ఒక్క వంకా లేదండీ అన్నాను. దొంగ పెళ్ళని నా కాగితాలు మూలన పడేశారు. అంతే మరి, ఏ పెళ్ళామైనా అంటుందట్రా ఆ మాట?"

"ముందే చెబితే ఇద్దరం తయారయ్యేవాళ్ళంగా!"

"బట్టీ పట్టేవాళ్ళు. తిట్టుకోవడం బట్టీ పడితే రాదు నాయనా."

ఎప్పుడు తీశాడో గానీ, బాబాయి జేబులోని యంత్రం చెవికి పెట్టుకుని అంతా వింటున్నాడు. భోజనాల దగ్గర ఆ దృశ్యం ఎవరూ ఎరగరు.

"నన్నూ అడిగారు. మా ఆవిడ మితభాషి అని చెప్పాను."

"అదేంటి బాబాయ్!"

"నాలుగు రోజుల కాపురం. అప్పటికి నాకు మాత్రం ఏం తెలుసు?" అని యంత్రం తీసి మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

పిన్ని అప్పటికే ఎడం చేత్తో ఫోన్ అందుకుంది. "ఏమ్మా కోడలా, నాకెందుకులే గానీ, మీ మావయ్య ఇప్పుడేమన్నారో తెలుసా?"