మా ప్రింటర్ పలికిన పూట

దేవుడి మీద భారం వేసి బతికే మనిషిని. దెయ్యాలను నమ్మే తీరిక నాకెప్పుడూ లేకపోయింది. ఇదీ దెయ్యం కథ అనను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను బడికి వెళ్లలేదు. నాన్నగారు ఇంట్లోనే చదువు చెప్పారు. పెళ్లయ్యాక మావారు కంప్యూటర్ నేర్పారు. ఆ ఇద్దరి పుణ్యాన, రెండువేల ఐదు ప్రాంతంలో, అనకాపల్లిలో మా ముందు గదిలోనే శుభలేఖలు వేసేదాన్ని.

ఒక ఉదయం రాంబిల్లి నుంచి పోలమ్మ వచ్చింది. చేపలమ్ముకునే మనిషి. కూతురి పెళ్లికి ఐదు రోజులే ఉంది. నూరు కార్డులు పట్టుకుని పదకొండు గంటల బస్సు ఎక్కాలి. ముందురోజే కొత్త ప్రింటర్ కొని, దానితో ఇచ్చిన సీడీ కంప్యూటర్‌లో వేశాం.

మొదటి కార్డు బయటికి వచ్చింది. రెండోది సగంలో ఉండగా కంప్యూటర్‌లోంచి ఒక ఆడగొంతు, మెత్తగా, మర్యాదగా, ఏదో తెలియని భాషలో నాలుగు ముక్కలు పలికింది. ఇంట్లో టీవీ ఆపి ఉంది. పక్కింటివాళ్లు ఊళ్లో లేరు. ఇద్దరం విన్నాం.

పోలమ్మ కొంగు నడుముకు చుట్టి ప్రింటర్‌కు దండం పెట్టేసింది.

"అమ్మోరు పలికిందమ్మా! పెల్లెవులిదని అడుగుతంది. తొలి కార్డు సదివి ఇనిపించు, బేగి!"

మొదటి శుభలేఖ దేవుడికివ్వడం మా ఇంటి ఆనవాయితీ కూడా. కాదనలేక పైకి చదివాను. వరుడి పేరు వచ్చేసరికి పోలమ్మ చేతులు విడిపోయాయి.

"అప్పల్రాజా? ఆడెవుడమ్మా? మా అల్లుడు ఎర్రయ్య గదేటి!"

కిందటి వారం వేసిన కార్డులోనే పేర్లు మార్చాను. వధువును మార్చి వరుణ్ణి వదిలేశాను. పోలమ్మకు చదువు రాదు. అవి ఊరంతా పంచి ఉంటే ఆ పిల్ల గతేమిటి! వెంటనే సరిచేసి, బస్సు వేళకు నూరూ ఇచ్చాను. వెళ్తూ వెళ్తూ ప్రింటర్‌కు బొట్టు పెట్టి మరీ వెళ్లింది.

అచ్యుతాపురంలో ఒక కంపెనీలో కంప్యూటర్లు చూసే మా మరిది సాయంత్రం వచ్చి, విని నవ్వాడు.

"అమ్మోరు కాదు వదినా, సీడీలో వచ్చిన గొంతు ఫైలు. అన్ని రకాల ప్రింటర్లకీ, అన్ని దేశాలకీ ఒక్కటే సీడీ సేత్తారు. ఎవులికేటి కావాలో ఏరి ఇచ్చే కంటే అన్నీ పడేయడం సుళువు. కొట్లో వ్రతం పొట్లం లేదేటి? ఏ పూజకైనా అదే పొట్లం. నువ్వు వాడనివీ అందులో ఉంటాయి."

"మరి వాడనిది పలికిందేం?" అన్నాను.

"పొరపాటున పలికుంటాది" అంటూ ఆ ఫైలు వెతికి నొక్కాడు. ఏమీ వినపడలేదు. మళ్లీ నొక్కాడు. బల్ల కిందికి వంగి చూశాడు.

"వదినా, స్పీకర్లేవి?"

మేం స్పీకర్లు కొననేలేదు.

మరిది కాఫీ వంటింట్లోకి వచ్చి, నిలబడే తాగి వెళ్లాడు.

నాకూ ఇప్పటికీ అంతు చిక్కలేదు. ఆ ఫైలును మాత్రం ఎవరినీ తీసెయ్యనివ్వలేదు. పలికింది ఎవరైనా ఆ తల్లికి దండం. పోలమ్మ కూతురు ఎర్రయ్యనే చేసుకుంది. నాకది చాలు.