గోల్‌కీపర్ చేతిలో హారతి పళ్లెం

భిలాయిలో డిగ్రీ చదివేటప్పుడు మా కాలేజీ అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకి నేను గోల్‌కీపర్‌ని. ఆ సీజన్‌లో అన్ని మ్యాచ్‌లూ గెలిచి కప్పు తెచ్చాం. అబ్బాయిలు మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయారు.

వార్షికోత్సవంలో మాకు సన్మానం కదా అని జెర్సీలు ఇస్త్రీ చేసుకున్నాం. కోచ్ సార్ ఫోన్ చేశారు. "జెర్సీలొద్దు బేటా, చీరలు కట్టుకుని రండి. గెస్టులకి మీరే హారతివ్వాలి."

నాన్న స్టీలు ప్లాంటులో షిఫ్టు మార్చుకుని మరీ వచ్చాడు. నేను హారతి పళ్లెం పట్టుకుని వేదిక పక్కన నిలబడ్డాను. మైకులో "మన ఫుట్‌బాల్ వీరులు!" అనగానే, కొత్త ట్రాక్‌సూట్లలో అబ్బాయిలు వేదికెక్కారు. మా కప్పు వాళ్ల కెప్టెన్ చేతిలో పెట్టి ఫొటోలు తీశారు.

"సార్, అది మేం గెలిచింది!" అన్నాను పక్కనే ఉన్న కోచ్‌తో.

"ఎవరు గెలిస్తే ఏటి, కాలేజీదే కదా! ఇంకో గెస్టు వస్తన్నారు, దీపం ఆరిపోకుండా చూడు."

సీజనంతా చేతికందిన బంతిని ఒక్కసారీ జారనివ్వని నేను, ఆ దీపాన్ని ఉఫ్‌మని ఊదేసి, పళ్లెం నేలకేసి కొట్టాను.

"దీపాన్ని నోటితో ఊదేత్తావేటే? సిగ్గు నేదా?" అందరి ముందూ నాన్నే అరిచాడు.

దీపం ఊదినందుకు నన్ను తిట్టనివాళ్లు లేరు. మా కప్పు అబ్బాయిలకిచ్చినందుకు మాత్రం ఇంతవరకూ ఎవరూ ఎవర్నీ తిట్టలేదు.